నకతాకీ నిషిగుచికీ మధ్య

"ఎవరది? ఇప్పుడు పలికింది ఎవరు?"

ఇగరాషి టీచర్ హాజరు పట్టీని బల్లమీద టప్పున కొట్టింది. మూడో తరగతి పిల్లలు ఇరవైతొమ్మిది మందీ బిగుసుకుపోయారు.

పొద్దున్నే పేరు పిలిస్తే ఉన్నామని పలికితే చాలదు, ఎలా ఉన్నామో కూడా చెప్పాలి. "ఆ, బాగున్నాను!" అని ఒకరు, "ఆ, ముక్కు కారుతోంది!" అని ఇంకొకరు. చాలామంది టీచర్లకి అదొక తంతు. ఇగరాషి టీచర్ మాత్రం ముఖం చూసి, గొంతు విని, అప్పుడుగానీ తరవాతి పేరుకి వెళ్ళదు.

"నకతాని పిలిచాను, పలికాడు. నిషిగుచిని పిలుద్దామని నోరు తెరిచేలోపల మధ్యలో ఎవరో 'ఆ, బాగున్నాను' అన్నారు. వారం దాటింది ఈ వరస మొదలై! ఏమిటిది, ఆటా?"



పట్టీలో నకతాకీ నిషిగుచికీ మధ్య ఒకప్పుడు ఉన్న పేరు నరుమి యోత. వాడు పోయి మూడు నెలలు. కర్మకాండ ముగిసే నలభైతొమ్మిదో రోజుదాకా వాడి డెస్కు మీద తెల్లచేమంతులు పెట్టారు. ఆ తరవాత డెస్కు తీసేశారు, పట్టీలో పేరూ తీసేశారు. అయినా ఆ జవాబు విన్నప్పుడల్లా టీచరుకి వెన్నులోంచి చలి పుట్టుకొచ్చేది. ఒక్కోరోజు అది అచ్చం యోత గొంతులాగే ఉండేది.

వెనక కుర్చీలో మొరినో గారు కూర్చుని ఉన్నారు. గురువారం గురువారం బడికి వచ్చి, పిల్లల మనసులో ఉన్న బెంగలు వినే పెద్దమనిషి. ఆ పలికేది ఎవరో కనిపెట్టమని ఇవాళ టీచరే ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టింది.

"మీరూ విన్నారు కదండీ?"

"విన్నానండీ," అన్నారు మొరినో గారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

అది చూసి టీచరుకి నిజంగా భయం వేసింది. తన పిల్లల్లో ఎవరో లోపల్లోపల కుంగిపోతున్నారు. ఇంకొకరిని పోగొట్టుకోవడం తనవల్ల కాదు. పట్టీ పక్కన పెట్టి, బల్లల మధ్యకి వచ్చి మోకాళ్ళమీద కూర్చుంది.

"కోప్పడనర్రా. బెంగగా ఉంటే ఉందని చెప్పండి. ఆ రోజు పొద్దున యోత కూడా 'బాగున్నాను' అనే అన్నాడు. తల పగిలిపోతోందని చెప్పలేదు. నేనూ పట్టించుకోలేదు. సాయంత్రానికి..." ఆవిడ ఒక్కొక్కరి ముఖంకేసీ చూసింది. "మీలో ఇంకెవరూ నాకు అలాంటి అబద్ధం చెప్పకూడదు. ఎవరు పలికారో చెప్పండి."

"నేను కాదు టీచర్! నా వంతు నిన్న!" అన్నాడు తైగా. క్లాసులో వాడంత వాగుడుకాయ లేడు. పక్కవాడు డొక్కలో ఒక్క పోటు పొడిచాడు.

"వంతా?" టీచర్ చివాల్న లేచింది. "వంతులేసుకుని మరీ చనిపోయినవాడితో పరాచికాలా! వాడు మీ స్నేహితుడర్రా! సిగ్గుగా లేదూ?"

తైగా తల వంచేసుకున్నాడు. మొరినో గారు కుర్చీలోంచి లేచి, "టీచర్ గారూ, కాస్త బయటికి వస్తారా, నేను చెప్తాను," అన్నారు.

"ఎందుకండీ? వాళ్ళనే చెప్పనివ్వండి!"

మొదటి వరసలో ఫుమికా లేచి నిలబడింది. క్లాసులో అందరికంటే చిన్నపిల్ల, గట్టిగా మాట్లాడి ఎరగదు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది.

"పరాచికం కాదు టీచర్. పోయిన వారం సోమవారం మేం ఎవరమూ పలక్కపోతే, గంట మోగేదాకా మీరు 'నరుమి యోత, నరుమి యోత' అని పిలుస్తూనే ఉన్నారు."