రాఘవమ్మ అతికించే అట్టలు

“ఏంది సిద్ధయ్యా, పాలా ఇవి? పొద్దన్నే బర్రెను పిండినావా, బోరింగు కొట్టినావా?”

రాఘవమ్మ నోరు లేచిందంటే ఉదయగిరిలో ఆ వీధి వీధంతా లేవాల్సిందే. సిద్ధయ్య మాత్రం చల్లగా నవ్వి పాలక్యాను సైకిలుకు తగిలించుకున్నాడు.

“ఇంకేం, రేపు నాకు అట్ట వస్తాది. వినాయకుళ్ళు ఇంట్లో చాలామంది ఉండారమ్మా, ఈ తూరి లక్ష్మీదేవిని అతికించు.”

వంటింటి గడపలో నిలబడి వింటున్న కోడలు సుజనకు నవ్వొచ్చింది. ఆ వెనకే మనసు కలుక్కుమంది.

అత్తగారి పద్ధతే అంత. పగలంతా ఎవరినో ఒకరిని దులిపేస్తుంది. మర్నాడు స్నానం చేసి, దీపం పెట్టి, కత్తెర పట్టుకుని కూర్చుంటుంది. పాత పెళ్ళిపత్రికల్లోని దేవుళ్ళనూ, విత్తనాల ప్యాకెట్ల మీది టమాటాలనూ, క్యాలెండర్లలోని పువ్వులనూ కత్తిరించి, అట్ట మీద బొమ్మగా అతికిస్తుంది. కింద తన చేత్తో ఒక మంచిమాట రాసి, తిట్లు తిన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి ఇచ్చి వస్తుంది. ఒకప్పుడు రామకోటి రాసేది. దాన్ని మానేసి దీన్ని పట్టుకుంది.

“కోటిసార్లు రాస్తే రాముడు మన్నిస్తాడు, సరే. తిట్లు తిన్న సిద్ధయ్య ఎందుకు మన్నిస్తాడు? నా నోరు చించినదాన్ని నా చెయ్యే అతకాల గదా!” అంటుంది.

వీధిలో గోడగోడకూ ఆమె అట్టలే. కొడుకు సుధీర్‌వయితే పెట్టడానికి బీరువా చాలదు. సుజనకు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

సుజనది జలదంకి, చర్చికి వెళ్ళే కుటుంబం. ఆత్మకూరు స్కూల్లో టీచరు. సుధీర్‌ను ప్రేమించి పెళ్ళాడి ఈ ఇంటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచీ అత్తగారు ఆమెను “మీరు” అనే అంటుంది. కూరలో ఉప్పు దండిగా పడినా, “బాగుండాదమ్మా” అంటూ చెంబెడు నీళ్ళు తాగి లేస్తుంది.

“అదృష్టమంటే నీదే! మా అమ్మ నోట పడనిది నువ్వొక్కదానివే,” అన్నాడు సుధీర్ ఒకరోజు.

“ఆమె తనవాళ్ళనే తిడతాది. నేను చుట్టాన్ని,” అంది సుజన. “చుట్టం ఎన్నాళ్ళని ఉంటాది? ఆత్మకూరులో స్కూలు పక్కనే ఇల్లు చూసినాను. శనివారం పోదాం.”

సుధీర్ బతిమాలాడు, అలిగాడు. ఆమె వినలేదు. చివరికి అతనే తల గోక్కుంటూ తల్లితో చెప్పాడు. రాఘవమ్మ విని లోపలికి వెళ్ళిపోయింది. పోవద్దని కూడా అనలేదే అని సుజన ఏడ్చింది.

శనివారం పొద్దున సుజన పెట్టె సర్దుకుంటుంటే రాఘవమ్మ గదిలోకి వచ్చింది. ఏ టీవీ డబ్బాను కోసిందో, చేతిలో కిటికీ అంత అట్ట. బంక ఇంకా తడారలేదు. దాని మీద మామిడి తోరణం, వినాయకుడు, ఎవరిని అడిగి తెచ్చిందో క్రిస్మస్ కార్డులోని నక్షత్రం. కింద వంకర అక్షరాలు: “సుజనా, నా నోటిని మన్నించు.”

సుజన చేతిలోని చీర జారిపోయింది.

“ఇదేంది అత్తమ్మా? మీరు నన్నెప్పుడూ ఒక్క మాట కూడా అనలేదే!”

రాఘవమ్మ తలుపు గడియ వేసింది. పెట్టెను కాలితో మంచం కిందికి తోసింది. కొంగు నడుముకు బిగించింది.

“ఇప్పుడు అంటా, కూచోవే!”