పాండ్ వ్యూ ఇల్లు

వంటింటి కిటికీలోంచి వెనకున్న పాండ్ కనిపించగానే, ఇల్లు కొనడానికి చూడొచ్చిన భవిత మొహం వెలిగిపోయింది. నీళ్ళన్నీ గడ్డకట్టి, మీద పల్చగా మంచు పడి చూడముచ్చటగా ఉంది. ఇల్లు అమ్ముడుపోయినట్టే. ఇక ఏజెంట్ ప్రణీత నోరు మూసుకుని ఉంటే చాలు.

ఉంటేగా!

నేపర్‌విల్‌లో ఇళ్ళు చూపించే తెలుగువాళ్ళలో ప్రణీతకి పెద్ద పేరే ఉంది. ఆమె ఇల్లు చూపించదు, కథ చెబుతుంది. "ఎన్ని గదులున్నాయో వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. మీ సొంత కథ చెప్పండి, కస్టమర్ మనసు కరుగుతుంది" అని ఆమె బాస్ రాజీవ్ ఆఫీసులో అందరికీ ట్రైనింగ్ ఇచ్చాడు. ఆయనైతే తన కథ కోసం లేని తాతయ్యనొకణ్ణి పుట్టించుకున్నాడు కూడా. కస్టమర్లు కళ్ళు తుడుచుకుంటూ సంతకాలు పెట్టేవారు.

ప్రణీత కథలన్నీ కొడుకు శ్రేయాస్ గురించే. బేస్‌మెంట్ చూపిస్తే, మావాడైతే ఇక్కడే సైకిల్ తొక్కేస్తాడండీ అంటుంది. మెట్లు చూపిస్తే, వాడు దిగడు, జారతాడు అంటుంది. వినేవాళ్ళకి తమ పిల్లలు అప్పుడే ఆ ఇంట్లో అల్లరి చేస్తున్నట్టు అనిపించేది.

పాండ్ ఉన్న ఇంటి దగ్గరే వస్తుంది తంటా. ఊరంతా పాండ్ వ్యూ కావాలని ఎగబడుతుంటే, పిల్లలున్నవాళ్ళకి ఈవిడ వద్దని చెబుతుంది. "నువ్వు అమ్మడానికి వెళ్తున్నావా, చెడగొట్టడానికా?" అని రాజీవ్ నిన్న గట్టిగానే అడిగాడు. ఈ ఇల్లు కూడా పోగొడితే వేరే ఆఫీసు చూసుకోమన్నాడు.

భవిత కూతురు ఆద్యకి ఐదేళ్ళు. గాజు తలుపుకి ముక్కు ఆనించి అరిచింది.

"మమ్మీ, లుక్! డక్స్ ఐస్ మీద వాక్ చేస్తున్నయ్!"

ప్రణీత ఆ పిల్ల వైపు చూసింది. అంతే, ఆగలేకపోయింది.

"ఈ ఇల్లు వద్దు భవితా."

"అదేంటి ప్రణీత గారూ? మీరే కదా తీసుకొచ్చారు!"

"మీరు అడిగారని తెచ్చాను. మా శ్రేయాస్‌కి ఏడేళ్ళు. డోర్ లాక్ చేసినా కుర్చీ వేసుకుని తీసేస్తాడు. ఎంత చెప్పినా వినడు. పిల్లలున్నవాళ్ళకి ఇది మంచిది కాదు. రెండు వీధుల అవతల ఇంకోటుంది, చూద్దాం రండి."

ఫోన్‌లో లోన్ రేట్లు చూసుకుంటున్న భవిత భర్త తేజేశ్వర్ తలెత్తాడు.

"ఆ ఇల్లు దీనికంటే రేటెక్కువ కదండీ?"

"అవును."

"నాకు అర్థమైంది లెండి. మూడేళ్ళ కింద మా ఫ్రెండ్ జితేందర్‌కి మీరు ఇల్లు చూపించినప్పుడు నేనూ వచ్చిన. అప్పుడు కూడా మీవాడికి ఏడేళ్ళే. ఇదే లాక్, ఇదే కుర్చీ. మీ పిల్లోడు పెరగడా? అసలు ఉన్నాడా?"

"తేజా, ఊరుకో!" అంది భవిత. కానీ ఆమె కూడా ప్రణీత వైపు అనుమానంగానే చూసింది. చూడదా మరి? పిల్లల పేరు చెప్పి బేరం పెంచుతున్నారంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

"ఈ ఇల్లే తీసుకుంటాం. వేరే ఏజెంట్‌తో మాట్లాడుకుంటాం" అన్నాడు తేజేశ్వర్. పాండ్‌ని దగ్గరగా చూపిస్తా రమ్మని కూతుర్ని పిలిచి, గాజు తలుపు తీశాడు.

తీయడమే ఆలస్యం, ఆద్య బాతుల కోసం ఒకటే పరుగు.

ఇంట్లోకి వచ్చేటప్పుడు బూట్లు గుమ్మం దగ్గరే విప్పింది ప్రణీత. సాక్స్‌తోనే మంచులోకి ఉరికింది. పాండ్ గట్టు మీద పిల్లని దొరకబుచ్చుకుని గుండెలకి అదిమేసుకుంది. పిల్ల బెదిరిపోయి ఏడుపు లంకించుకుంది. ప్రణీత వదల్లేదు. ఆమె అంతకంటే గట్టిగా ఏడుస్తోంది.

"పిల్లని ఇటివ్వండి! ఏమైంది మీకు?" అన్నాడు వెనకే పరిగెత్తుకొచ్చిన తేజేశ్వర్.

ప్రణీత ఆద్యని అతని చేతికిచ్చింది.

"శ్రేయాస్ ఇలాగే గడ్డకట్టిన పాండ్ మీదికి పరిగెత్తినప్పుడు నేను ఇంట్లో వంట చేసుకుంటున్నానండీ, ఆ తర్వాత వాడికి ఎనిమిదో పుట్టినరోజు రాలేదు."