పంకా మీద చుట్టాలు

ఏరు సముద్రంలో కలిసే చోట లంగరేసి ఉన్న మరపడవకి, అడుగున నీళ్లలో తిరుగుతూ దాన్ని నడిపే పంకాకి ఒక ఆల్చిప్ప వచ్చి అతుక్కుంది. పేరు ముత్యాలత్త. నడిసముద్రం చూడందే కన్ను మూయకూడదని ఆవిడ పంతం. అందుకే కదిలే వాహనం ఎక్కింది. తెలివైనదే, కాదన్నవాళ్లెవరు? కాకపోతే చుట్టాలు లేకుండా ఆవిడ గడప దాటదు.

పిన్నమ్మలొచ్చారు, వియ్యపురాళ్లొచ్చారు, వాళ్ల వెనక పిల్లామేకా దిగారు. పంకా రెక్కలు నిండిపోతే ఒకరి వీపు మీద ఒకరు అతుక్కున్నారు.

"అత్తా, నేను తిరిగితేనే పడవ కదిలేది. సగం మందైనా దిగండి," అని బతిమాలింది పంకా.

"మావాళ్లు నీకు బరువయ్యారా? ఇదిగో, ఈ చంటిది ఎంతుంటుందని!" అంది ముత్యాలత్త.

తెల్లారి ఇంజను గుర్రుమంది. పంకా మూలిగింది గానీ తిరగలేదు.

"బద్ధకం పంకా! తిండి దండగ!" అంటూ చుట్టాలంతా ఒక్క గొంతుతో అరిచారు.

అటుగా పోతున్న పీత ఆగి, "దాని నెత్తినెక్కి కూర్చుని దాన్నే పరిగెత్తమంటే ఎలా వదినా?" అంది.

"అడ్డంగా నడిచేదానివి, ప్రయాణాల సంగతి నీకేం తెలుసే!" అని కసిరింది ముత్యాలత్త.

పడవవాళ్లు పడవని ఒడ్డుకి లాగారు. ఇనప రేకుతో పంకాని గీకి గీకి, రాలిన ఆల్చిప్పలన్నిటినీ బుట్టలోకి ఎత్తారు. ఇసుకలో రాళ్ల పొయ్యి మీద అప్పటికే ఎసరు మరుగుతోంది. బుట్ట అటు కదిలింది.

ముత్యాలత్త పొంగిపోయింది. "చూశారా, బయల్దేరాం! గట్టిగా అరిస్తేగానీ పనులు జరగవర్రా!"