నాలుగు లక్షల మంది

"మీ నీలి గ్రహం నాకివ్వండి. బదులుగా నావి రెండు తీసుకోండి."

కంప్యూటర్ తెర మీద ఎర్ర రాజు పెట్టిన బేరం అది. ఒకటికి రెండు! ఇంకొకరైతే ఎగిరి గంతేసి 'సరే' నొక్కేవారు.

టైలరమ్మ మాత్రం మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"వీళ్లని అడిగారా?" అంది.

"ఎవర్నమ్మా?" పక్కన నిలబడ్డ ప్రోగ్రామర్ అమ్మాయి అడిగింది.

"ఈ నీలి గ్రహంలో ఉన్నవాళ్లని."

"అక్కడెవరూ ఉండరమ్మా. జనాభా నాలుగు లక్షలని ఓ అంకె ఉంటుంది, అంతే."

"నాలుగు లక్షల మందిని పెట్టుకుని ఎవరూ లేరంటావేంటి తల్లీ?"

అమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండో అంతస్తులో నలుగురు పనిచేసే చిన్న ఆఫీసు అది. అంతరిక్షంలో రాజ్యాలేలే ఆట ఒకటి తయారుచేస్తున్నారు. ఆడే మనిషి ఒక రాజు, కంప్యూటర్ ఆడించే రాజులు ఐదుగురు. యుద్ధం చెయ్యొచ్చు, లేదంటే గ్రహాలు ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఇంతకుముందు చేసిన రెండు ఆటలూ బోల్తా కొట్టాయి. ఇదీ అంతే అయితే ఆఫీసుకి తాళమే. ఉన్న మంచి ఉద్యోగం వదులుకుని మరీ ఇక్కడ చేరిన ఆ అమ్మాయికి ఆ దిగులుతో తిండి సయించడం లేదు.

చిక్కంతా ఆ ఇచ్చిపుచ్చుకోవడం దగ్గరే వచ్చింది. రెండు నొక్కులతో అయిపోతోంది. ఒకసారి ఆడినవాళ్లు మళ్లీ ఆట మొహం చూడటం లేదు.

అందుకే బాసు, వీధిలోవాళ్లని పిలిచి ఆడించి చూద్దామన్నాడు. కళ్లద్దాల షాపాయన వచ్చాడు. బస్సు డ్రైవర్ వచ్చాడు. కింద కొట్లో బట్టలు కుట్టే టైలరమ్మ కూడా మధ్యాహ్నం పూట మిషన్ ఆపి, మెళ్లో టేపుతోనే మెట్లెక్కి వచ్చేది.

గంటలో ఆట గెలిచినవాళ్ల మాటే బాసు చెవికెక్కుతుంది. కళ్లద్దాలాయన ఇరవై నిమిషాల్లో ఆకాశం మొత్తం మింగేశాడు. టైలరమ్మ ఐదు రోజుల్లో ఒక్క గ్రహం కూడా మార్చలేదు.

"పోనీ యుద్ధం చెయ్యండమ్మా."

"ఛ! ఇరుగుపొరుగు వాళ్లం, మాకెందుకు ఆ పాపం?"

తర్వాత పచ్చ రాజు వంక చూసి, "ఈయన మంచివాడిలాగే ఉన్నాడు. అడిగితే నాలుగు రోజులు ఆగుతాడా?" అంది.

"ఆగడమ్మా. ఆగడం నేను వాడికి నేర్పలేదు."

"మరి నేర్పు."

బాసుకి ఒళ్లు మండింది.

"ఆవిడకి ఆట రాదు. నీ టైమంతా ఆవిడతోనే పోతోంది. రేపట్నుంచి పిలవకు" అన్నాడు.

రావద్దని చెప్పడానికి అమ్మాయికి నోరు రాలేదు. మొహమాటంగా ఓ కాగితం చేతికిచ్చింది.

"ఆట గురించి మీకేమనిపించిందో రాయండమ్మా."

"నన్నే అడుగుతున్నావా?"

"మిమ్మల్నే."

టైలరమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి మూడే మాటలు రాసింది.

"ముందు చెప్పండి. సర్దుకోవడానికి గడువివ్వండి. తిరిగొచ్చే దారి ఉంచండి."

కాగితం ఇచ్చి, అమ్మాయి తల నిమిరి, "చల్లగా ఉండు తల్లీ" అని మెట్లు దిగిపోయింది.

ఆ కాగితం రెండు వారాలు సొరుగులో పడి ఉంది. చెయ్యగలిగినవన్నీ చేసి చూశాక, ఇక పోయేదేముందని అమ్మాయి దాన్ని బయటికి తీసింది.

మూడు రోజులు కుర్చీ దిగకుండా పనిచేసింది. ఇప్పుడు 'సరే' నొక్కితే ఆ గ్రహం వాళ్లు పలుకుతారు. 'పది రోజులు గడువివ్వండి' అంటారు. 'మాలో సగం మంది మీతోనే ఉంటామంటున్నారు' అంటారు. అవతలి రాజు కూడా అంతవరకూ ఆగుతాడు.

"ఇది ఆటా, పంచాయితీనా?" అని బాసు నెత్తి కొట్టుకున్నాడు. వేరే దారి లేక, నాలుగు నెలలకి మిగతా పని ముగిశాక ఆటని అలాగే జనంలోకి వదిలాడు.

నెల తిరిగేసరికి జనం ఎగబడ్డారు. "ఒక గ్రహాన్ని ఇవ్వడానికి మనసొప్పక ఓడిపోయాను. రేపు మళ్లీ ఆడతాను" అని ఎవరో రాశారు. బాసు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నాడు. తాళం మాట పోయి, ఆఫీసులోకి కొత్త కుర్చీలు రెండు వచ్చాయి.

ఆట మొదట్లో కృతజ్ఞతలు చెప్పే చోట అమ్మాయి టైలరమ్మ పేరు ముందు పెట్టింది. బాసే వచ్చి ఆ అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయించాడు.

ఈ హడావిడిలో ఆర్నెల్లు కింది కొట్టువైపు తొంగి చూడనేలేదని అమ్మాయికి అప్పుడు గుర్తొచ్చింది. పరుగున మెట్లు దిగింది. కొట్లో ఓ నలభై ఏళ్లాయన కుట్టకుండా మిగిలిపోయిన బట్టలు విడివిడిగా సర్దుతున్నాడు.

"టైలరమ్మ గారు లేరాండీ?"

"అమ్మ పోయి ఇరవై రోజులైందండీ."

అమ్మాయి తలుపు పట్టుకుని నిలబడి, జరిగిందంతా చెప్పింది.

"మేమివాళ నాలుగు మెతుకులు తింటున్నామంటే ఆవిడ చలవే. ఆ మాట చెప్పుకోవడానికే వచ్చాను" అంది.

"ఆ పిల్ల మీరేనన్నమాట!" ఆయన ముఖం విప్పారింది. "ఇన్నేళ్లకి ఒక్కరు నన్ను అడిగారురా, కాగితమిచ్చి మరీ అడిగారురా అని నాతోనూ, వచ్చినవాళ్లందరితోనూ చెప్పుకునేదండీ. పోయే ముందు కూడా మీ మాటే."

అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"ఆవిడకి ఆ ఆలోచన ఎలా వచ్చిందండీ?"

ఆయన చేతిలోని చొక్కా మడత పెట్టి పక్కన ఉంచాడు.

"నన్ను కనడానికి అమ్మ పుట్టింటికి వచ్చిన నెలలోనే రెండు ప్రభుత్వాలు కూర్చుని సరిహద్దు ఊళ్లు మార్చుకున్నాయండీ, మా ఇల్లూ, ఇంట్లో ఉన్న మా నాన్నా అవతలి దేశంలోనే ఉండిపోయారు."