వాపుల కొలత

"చేతులు చాపండి," అన్నాడు టైలరింగ్ షాపు ఓనరు, మెడలో టేపు తీస్తూ.

కాజాలు కుట్టే అమ్మాయి నెత్తురు కక్కి ఆస్పత్రిలో పడింది. టీబీ అన్నారు. మొన్న ఆస్పత్రి వాళ్ళొచ్చి ఓనరుతో సహా అందరి ముంజేతికీ సూది పొడిచారు. ఎక్స్‌రేలు తీయించారు, డబ్బీల్లో కఫం పట్టుకుపోయారు. సూది పొడిచిన చోట వాపొస్తే ఒంట్లో క్రిమి దూరినట్టని చెప్పారు. ఓనరు చెవికెక్కింది ఆ ఒక్క ముక్కే.

ఎవరి వాపు పెద్దదో ఈ దరిద్రాన్ని మోసుకొచ్చింది వాళ్ళేనని ఆయన లెక్క. వాళ్ళని ఇవాళే గెంటేస్తాడట. నర్సు వచ్చి చూసేదాకా ఆగడం ఆయన వల్ల కాలేదు.

కటింగ్ మాస్టరుది అర అంగుళం. ప్యాంట్లు కుట్టేవాడిది ఇంకాస్త ఎక్కువ. ఇస్త్రీ అక్క చేతి మీద మాత్రం కోటు బొత్తామంత, ఎర్రగా, గట్టిగా ఉంది.

"దొరికింది. సామాను సర్దుకో."

"నాకు దగ్గైనా లేదు సార్. ఒంట్లో నిక్షేపంలా ఉంది. ఇంట్లో నలుగురూ నా మీదే బతుకుతున్నారు."

"వాపు చూసి బలుపనుకుంటే ఇలాగే ఉంటుంది. ఏ కొంపల్లో పడుకుంటారో ఏమో, పొద్దున్నే రోగాలు మూటగట్టుకుని నా షాపుకి తెస్తారు."

"మరి మీ చెయ్యి సార్?" నసిగాడు కటింగ్ మాస్టరు.

ఓనరు ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. వాపు కాదు కదా, సూది గుర్తయినా లేదు.

"చూడండ్రా. తిండీ తీరూ ఉన్న ఒళ్ళు ఇది." గొంతు సవరించుకున్నాడు. సిగరెట్ల దగ్గు, ఎప్పటి నుంచో ఉన్నదే. రాత్రి భోజనం మానేశాక మనిషి సన్నబడ్డాడు కూడా. బెల్టుకి కొత్త బెజ్జాలు కొట్టించిన సంగతి వచ్చిన ప్రతి కస్టమరుకీ చెబుతున్నాడు.

ఇస్త్రీ అక్క టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. ఎవరూ తలెత్తలేదు. ఆమె గడప దాటబోతుంటే నర్సు ఎదురొచ్చింది, చంకలో ఎక్స్‌రే కవర్లతో.

"ఈవిడ ఎక్కడికి?"

"రోగం తెచ్చిందెవరో కొలిచి తేల్చేశాను. మీకు పని తప్పింది." ఓనరు నవ్వుతూ తన చెయ్యి చాపాడు. "ఇది కూడా ఓసారి చూసి పెట్టండి, వీళ్ళకి బుద్ధొస్తుంది."

నర్సు ఆ చెయ్యి తడిమి చూసింది. సంచిలోంచి మాస్కు తీసి ఆయనకే ఇచ్చింది. ఈ అలగా జనం మధ్య తనకి ఆ మాత్రం రక్షణ ఉండాల్సిందేనని ఓనరు తలాడించాడు.

అప్పుడు నర్సు నెమ్మదిగా అంది: "వీళ్ళ ఒళ్ళు క్రిమితో పోట్లాడుతోంది కాబట్టి వాచింది సార్, ఆ క్రిమి పుట్టలు పుట్టలుగా దొరికింది మాత్రం మీ కఫంలోనే, మీ ఒంట్లో వాచే సత్తువైనా మిగల్లేదు."