మగవాడు పోకూడని గది

"యాడికిరా?" పురిటి గది తలుపుకు రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది మునిరత్నమ్మ.

లోపలికి అడుగు వేయబోయిన మునికుమార్ ఆగిపోయాడు. ఆకుపచ్చ గౌను తొడుక్కొని, నెత్తిన టోపీ పెట్టుకొని, పరీక్ష హాలుకు ఆలస్యంగా వచ్చినవాడిలా ఉన్నాడు.

"డాక్టరమ్మే రమ్మనిందమ్మా. జయంతి నన్నే పిలస్తా ఉండాదంట."

"పిలస్తాది. తొలికాన్పు గదా, నొప్పులు తట్టుకోలేక పిలస్తాది. దానికని మొగోడు ఈ గదిలోకి పోతాడా? నలుగురూ నవ్వరా?"

"ఇప్పుడందరూ పోతా ఉండారమ్మా."

"గతిలేనోళ్ళు పోనీ. చిత్తూరులో పేరున్న మామిడి మండీ మనది. పెండ్లాం కాన్పు మొగుడు సూసేది మన ఇండ్లల్లో లేదు. కావాలంటే నేను పోతా."

"ఆ పిల్ల అడిగింది నిన్ను గాదు కదమ్మా!"

నిజానికి మునికుమార్‌కూ లోపలికి పోవాలంటే భయమే. సూది చూస్తేనే కళ్ళు తిరిగే మనిషి. అయినా పక్కనే ఉంటానని భార్యకు మాటిచ్చాడు. ఇప్పుడు తల్లి ఆపుతుంటే కోపం వస్తోంది, లోలోపల ఎక్కడో కాస్త నిమ్మళంగానూ ఉంది. ఆ నిమ్మళానికి తనకే సిగ్గేసింది.

జయంతి వాళ్ళమ్మ పలమనేరు నుంచి వచ్చే బస్సులో ఇంకా దారిలోనే ఉంది. లోపల ఆ పిల్లకు తనవాళ్ళంటూ ఎవరూ లేరు.

"కుమార్! యాడుండావ్?" లోపలి నుంచి జయంతి కేక వినిపించింది.

నర్సు తల బయటికి పెట్టి, "వస్తే ఇప్పుడే రండి, టైము లేదు," అని వెళ్ళిపోయింది.

మునికుమార్ బెంచీ మీద కూర్చున్న తండ్రి వైపు తిరిగాడు. "నాయనా, నువ్వన్నా సెప్పు!"

బాలసుబ్రమణ్యం పెళ్ళాం ముందు నోరెత్తే రకం కాదు. లేచి వచ్చి కొడుకు టోపీ సరిచేశాడు.

"తల పక్కన నిలబడు. సెయ్యి పట్టుకో. గోళ్ళు దిగినా ఇడిసిపెట్టొద్దు."

"భయంగా ఉండాది నాయనా. నా వల్ల అయితాదా?"

మునిరత్నమ్మ మొగుడి మొహంలోకి చూసింది. ఆమె కళ్ళు నిండాయి. తలుపుకు అడ్డంగా ఉన్న చేతులు తీసేసి, కొడుకును లోపలికి తోసింది.

"పోరా! నువ్వు పుట్టింది మామిడితోపు కాపలా గుడిసెలో. వానకు మంత్రసాని రాలేదు. నీ బొడ్డు కోసింది మీ నాయనే!"