పచ్చకాంతి పడగానే

“ఈ అలలు ఎలుక మెదడులోంచి వచ్చాయా, నీ బుర్రలోంచా?” తెర మీది గీతల్ని చూస్తూ అడిగాడు ల్యాబు పెద్ద ఫెర్గస్.

“ఎలుకవే. కాంతి పడింది, అల చెదిరింది. మీరు చెప్పినట్టే,” అంది అనహేరా, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి.

“అదే నా అనుమానం. నా చేతిలోనే కొన్ని ఎలుకలు మొండికేసేవి. నీకు ఒక్కటీ ఎదురుతిరగదేం?”

నుదుటి వెనక మెదడులో కొన్ని కణాలు పక్క కణాల నోరు మూయిస్తాయి. అవన్నీ ఒక్కసారే మూయించి, ఒక్కసారే వదిలితే అక్కడ అల పుడుతుంది. కాంతికి స్పందించే జన్యువు ఎక్కించిన ఎలుకలో పచ్చకాంతి ఆ కణాలనే మూగబోయేలా చేస్తుంది, అల చెదురుతుంది. ఇది కనిపెట్టింది ఫెర్గసే. డనీడిన్ ఊరు దాటి ఆయన పేరు పాకింది దీనివల్లే.

ఆయన లేచి తలుపు వేశాడు.

“ఈసారి నీకిచ్చిన ఎలుకల్లో ఒక్కదానికీ జన్యువు ఎక్కించలేదు. అన్నీ మామూలువి. వాటిలో అల చెదరకూడదు. మరి నీకెలా చెదిరింది?”

అనహేరా ముఖం పాలిపోయింది. “నన్ను పట్టుకోడానికా?”

“దొరికావుగా.”

“మరి నా డాక్టరేటు?”

“దొంగ గీతలకు ఇవ్వరు. సాయంత్రంలోగా నువ్వే పరిశోధన మానుకుంటే మర్యాద. లేదంటే యూనివర్సిటీకి నేనే చెప్తాను.”

 ఆమె చేతులు కట్టుకుని గోడ దగ్గరికి జరిగింది.

“ఒక్కసారి మీరే వేసి చూడండి. నేనేదీ ముట్టుకోను.”

“నాటకాలొద్దు,” అంటూనే ఆయన కుర్చీ లాక్కున్నాడు. పంజరాల్లోంచి ఒక ఎలుకను తానే ఎంచుకుని దాని తలకు తీగ తగిలించాడు. తెర మీద అల నిలకడగా సాగింది. పచ్చకాంతి మీట నొక్కాడు.

అల చెదిరిపోయింది.

వదిలాడు. తిరిగొచ్చింది. నొక్కాడు. పోయింది.

“తీగ సరిగ్గా తగల్లేదు.”

“తగిలించింది మీరే.”

తీగ మార్చాడు. ఎలుకను మార్చాడు. అయినా అంతే.

“అంటే ఇది ఆ కణాల పని కాదన్నమాట,” ఆయన తనలో తాను గొణుక్కున్నాడు. “కాంతి వేడికే మెదడు...”

మాట సగంలో ఆగింది.

అనహేరా దగ్గరికొచ్చి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు.

“ఫెర్గస్, మీకు అంత పేరొచ్చిన ప్రయోగాల్లో, మామూలు ఎలుకల మీద కూడా కాంతి వేసి చూశారు కదూ?”